సైకాల్ లెక్క చేసే తీరు

నారిన్ పట్టణం నుంచి పిల్లల తెలివికి పరీక్షలు చేసే ఆవిడ వచ్చిన రోజు బళ్లో పొయ్యి సరిగా రాజుకోలేదు. ఆవిడ పేరు చోల్పోన్. కోటు విప్పకుండానే నా కూతురు సైకాల్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడంకెలు చదివి, వెనక నుంచి చెప్పమంది. పిల్ల చెప్పింది. నాలుగంకెలయ్యేసరికి ఆగిపోయింది. మళ్లీ చదివినా అంతే.

ఈ బళ్లో లెక్కల టీచర్ని నేనే. పంతొమ్మిదేళ్లుగా ఊరి పిల్లల బుర్రలు తూకం వేస్తున్నాను. ఇప్పుడు నా పిల్లని పట్టణంలో, వెనకబడిన వాళ్ల తరగతికి పంపాలా, నా దగ్గరే ఉంచుకోవాలా అన్నది తేలాలి. సిగ్గుపడాల్సింది. పడలేదు. నిరుడు గడ్డికోతలప్పుడు నా భర్త తలాయ్ ట్రక్కు కనుమలో బోల్తా పడింది. అప్పటి నుంచీ నాకేదీ తగలడం లేదు. శవం ఉన్న గుడారంలో ఆడవాళ్లంతా మా ఆనవాయితీ ప్రకారం గోడవైపు తిరిగి శోకాలు పెడుతుంటే నాకు నోరు పెగల్లేదు. రాతిమనిషి అన్నారు. అననీ అనుకున్నాను.

"అక్కా, నాకొకటి అర్థం కావట్లేదు," అంది చోల్పోన్ రిజిస్టరు తిప్పుతూ. "మూడో తరగతి దాకా నోటిలెక్కల్లో అన్నీ అయిదుకి అయిదే. రాతలో మూడు దాటలేదు. నాలుగోకొచ్చేసరికి నోటివి కూడా రెండుకి పడ్డాయి. కూతురని మార్కులు పోశావా ఏంటి?"

"ఊళ్లో ఎవర్నైనా అడుగు. దానికి అరమార్కు కలిపిన పాపాన పోలేదు."

"మరి అప్పుడెలా చెప్పేది?"

"నన్నడుగుతావేంటి? ఎదురుగానే ఉందిగా, దాన్నే అడుగు."

సైకాల్ పెన్సిలు గోటితో గీకుతోంది. "అమ్మ మొహం చూసి చెప్పేదాన్ని," అంది.

"మొహంలో అంకెలుంటాయా, పిల్లా?"

"తప్పు చెప్పబోతే కనుబొమ్మ ఇలా లేస్తుంది. అప్పుడు మార్చేస్తాను. దగ్గరికొస్తే పెదవి చివర ఇలా అవుతుంది." అచ్చం నాలాగే మొహం పెట్టి చూపించింది. చోల్పోన్ నవ్వాపుకుంది. "నాన్న పోయాక అమ్మ మొహంలో ఏమీ కనపడట్లేదు. అందుకే నాకు రావట్లేదు."

మూడేళ్లు దానికి ఎక్కాలు నేర్పాననుకున్నాను. అది నన్ను నేర్చుకుంది.

చోల్పోన్ కలం కింద పెట్టింది. "ఇది చిన్న తెలివి కాదక్కా. కానీ లెక్కకి ఇదొక్కటే చాలదు. అంకెలు దీని తలలో నిలవవు. గులకరాళ్లు పెట్టి, మెల్లగా, ఒక్కొక్కటే చూపించాలి. అక్కడ తరగతికి ఎనిమిది మందే. నీకు ముప్పై నాలుగు మంది. పైగా నువ్వు ఎదురుగా ఉంటే అది లెక్క చూడదు, నిన్నే చూస్తుంది."

నేను సైకాల్ వైపు తిరిగాను. ఎందుకో తెలియకుండానే, "ఏడు ఎనిమిదులు ఎంతే?" అని అడిగాను.

సైకాల్ తలెత్తి నా మొహంలోకి చూసింది. "నలభై..." అని ఆగింది. రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. "కాదు, యాభై... యాభై ఆరు."

సరైన జవాబే. నా మొహంలో ఏం కదిలిందో నాకు తెలియలేదు. పిల్లకి తెలిసింది. ఏడాది పైన అయింది అది నాకు సరైన జవాబు చెప్పి. సంతోషంతో దాని చెవులు ఎర్రబడ్డాయి.

చోల్పోన్ దగ్గరున్న పట్టణం తరగతి కాగితం లాక్కుని, పిల్లని పంపడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాను.