పారేసిన రెండు రాణులు

“జెరెని చూసి నేర్చుకోవాలి. ఆ అమ్మాయి డబ్బు మాటే ఎత్తదు,” అన్నాడు నా మొగుడు యెర్నార్, నేను పిండి పిసుకుతుంటే. ఎవరు నేర్చుకోవాలో చెప్పలేదు. ఉడుకుతున్న గిన్నెలోంచి మాంసం ముక్క ఒకటి వేళ్లతో తీసి, ఊదుకుని తిని, నా భుజం మీది తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఏడు నెలలుగా జెరె పేరు మా ఇంట్లో తిరుగుతోంది. యెర్నార్ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పోకర్ టోర్నమెంట్లు ఆడతాడు. అదే అతని ఉద్యోగం. అల్మాటీలో రుస్తెమ్ అనే ఆయన ఉన్నాడు. ఆయన దగ్గర తొమ్మిది మంది ప్రతి ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్‌లోనే క్లాసు వింటారు. ఆ తొమ్మిది మందిలో ఒక్కతే ఆడది జెరె. షిమ్‌కెంట్‌లో ఉంటుంది. నేను ఆమెని తెర మీదే చూశాను. పొట్టి జుట్టు, కళ్లద్దాలు, వీపు వెనక ఎప్పుడూ మూసి ఉండే తెల్లటి తలుపు. మొదట్లో నేనూ అందరు ఆడవాళ్లు భయపడేదే భయపడ్డాను. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి మొత్తం చదివాను. పందేల గురించి, ముక్కల గురించి తప్ప ఒక్క మాట లేదు. చదివాక మంట చల్లారాలి కదా, ఇంకా పెరిగింది. ఎందుకో తెలియడానికి చాలా రోజులు పట్టింది. నా మొగుడు ఆమెని చూస్తున్నందుకు కాదు నా కుళ్లు. ఆ తలుపుని చూసి. నాలుగు గంటలపాటు దాన్ని ఎవరూ తియ్యరు. ఉప్పు డబ్బా ఎక్కడుందని ఎవరూ లోపలికి రారు. ఆమె ఒక పందెం తప్పు వేస్తే ఎనిమిది మంది మగవాళ్లు ఆట ఆపి, అలా ఎందుకు వేశావని అడుగుతారు. ఆమె చెప్పేదాకా వింటారు. నన్ను ఎందుకు చేశావని రోజూ అడుగుతారు గానీ, అడిగి గది దాటి వెళ్లిపోతారు.

నిజం చెప్పాలంటే యెర్నార్ మీద కూడా నాకు కుళ్లే. అతని గెలుపు మీద కాదు, అతను ఓడిపోయే తీరు మీద. రెండేళ్ల కిందట వరసగా ఆరు నెలలు ఓడిపోయాడు. “ఈ ఆటంతే అమ్మా, పదింటిలో తొమ్మిది ఓడిపోవడమే పని. ఏడాది మొత్తం మీద చూడాలి,” అన్నాడు. అత్తయ్య అర్థమైనట్టు తలూపి, కొవ్వున్న గుర్రపు మాంసం ముక్క ఏరి అతని పళ్లెంలో వేసింది. నేను ఒక్కసారి రొట్టెలు మాడ్చాను. ఆ రొట్టెల సంగతి మా ఆడపడుచు నిశ్చితార్థంలో చెప్పారు, పెళ్లిలో చెప్పారు, ఆమె బిడ్డని ఉయ్యాల్లో వేసిన రోజు కూడా చెప్పారు. నాకు ఏడాది మొత్తం మీద చూడడం ఉండదు. ఏ పూటకి ఆ పూటే.

ఆట నాకెలా వచ్చిందంటే, అతను లేచేసరికి పన్నెండవుతుంది. అతను ఆడిన ఆటల్లోంచి క్లాసులో చూపించాల్సిన ముక్కల పంపకాలు ఏరి, వరసగా పెట్టే పని నాలుగేళ్లుగా నాది. వందల పంపకాలు చూశాను. ఏ ఆటగాడు ఎప్పుడు ఆగుతాడో, ఎప్పుడు తొందరపడతాడో చూడడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు అంతకుముందే ఉంది. పదిహేను మంది కూర్చున్న బల్ల దగ్గర ఎవరి గిన్నెలో టీ అయిపోయిందో, ఎవరు మొహమాటానికి వద్దంటున్నారో కనిపెట్టడం కోడలి పని కాబట్టి.

పోయిన అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం అతనికి కిడ్నీలో రాయి నొప్పి వచ్చింది. పెద్ద టోర్నమెంటు. ఇరవై ఏడు మంది మిగిలారు, అతను ఇరవై నాలుగో స్థానంలో ఉన్నాడు. “పందెం కట్టకుండా ముక్కలు పారేస్తూ కూర్చో, వచ్చేస్తాను,” అని పక్కగదిలో పడిపోయాడు. అంబులెన్సు వాళ్లు వచ్చి సూది వేశారు. నిద్రపోయాడు. నేను ముక్కలు పారేస్తూ కూర్చోలేదు. నాలుగు గంటలు ఆడాను. అత్తయ్య రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, కుర్చీలో ఉన్నది నేనని చూసి వెళ్లింది. రెండో స్థానం వచ్చింది. పదకొండు వేల డాలర్లు. అతను లేచి తెర చూసి, “మొదటిది ఎందుకు రాలేదు?” అన్నాడు. మర్నాడు అత్తయ్య చుట్టుపక్కల వాళ్లని పిలిచి, మా వైపు శుభవార్తకి చేసినట్టు కొడుకు తల మీద గుప్పెళ్లతో చాక్లెట్లు చల్లింది. తివాచీ మీద పడినవి నేనే ఏరాను.

“ఫీజు కట్టింది నేను. అప్పటిదాకా లాక్కొచ్చింది నేను. నువ్వు కుర్చీలో కూర్చున్నావంతే,” అన్నాడు ఆ రాత్రి. ఆ తర్వాత ఆ మాట మళ్లీ రాలేదు.

ఈ జనవరి క్లాసుకి అతను కావాలనే కంప్యూటర్‌ని టీ బల్ల దగ్గరికి తెచ్చాడు. కొత్త ఏడాదికి ఎవరి లక్ష్యం వాళ్లు చెప్పాలి. అతని లక్ష్యం వాళ్లమ్మ వినాలి. నేను నీళ్లు కాగే సమోవార్ పక్కన కూర్చుని టీ సగం గిన్నె చొప్పున పోస్తున్నాను. మా వైపు గిన్నె నిండా పోస్తే, ఇక లేచి వెళ్లమని అర్థం. ఒకడు ఇల్లు కొంటానన్నాడు. ఒకడు కారన్నాడు. యెర్నార్ గొంతు సవరించుకుని, “ముప్పై వేల డాలర్లు,” అన్నాడు.

“ముప్పై వేలే! నా తండ్రే! నీ మాట దేవుడు వినాలి,” అంది అత్తయ్య.

రుస్తెమ్ నవ్వాడు. “దేవుడు వింటాడేమో గానీ తమ్ముడూ, ముక్కలు పంచేది నువ్వు కాదుగా? నీ చేతిలో లేనిది లక్ష్యం ఎలా అవుతుంది? జెరె, నువ్వు చెప్పు.”

“నా లెక్కల పుస్తకంలో లాభం గడి ఖాళీగా వదిలేశాను రుస్తెమ్ అన్నా. రెండు వేల టోర్నమెంట్లు ఆడతాను. వారానికి పది గంటలు చదువుకుంటాను. రెండు రోజులు ఆట ముట్టను. డబ్బు ఎంతొస్తే అంత.”

వారానికి రెండు రోజులు. ఎంత తేలిగ్గా అంది! అది విన్నాక చేతిలోని పాలగిన్నె గట్టిగా పట్టుకున్నాను. లేకపోతే విసిరేదాన్నే.

అప్పుడు జెరె, “యెర్నార్ అన్నా, ఒకటి అడగనా?” అంది. “మీ అక్టోబరు టోర్నమెంటు చివరి టేబుల్ మళ్లీ చూశాను. ఆట అయ్యాక వెబ్‌సైట్ వాళ్లు అందరి ముక్కలూ తెరిచి చూపించారు కదా. మీ చేతిలో రెండు రాణులు. అవతల పేరు పక్కన గద్ద బొమ్మ పెట్టుకున్నవాడు ఉన్నదంతా పందెంలోకి తోశాడు. ఎవరైనా ఆడేస్తారు, నేనైతే కచ్చితంగా ఆడి, ఓడి ఇంటికెళ్లిపోయేదాన్ని. మీరు పారేశారు. వాడి దగ్గర రెండు రాజులున్నాయి. ఎలా తెలిసింది?”

“ఏముంది, మనసుకి అలా అనిపించింది,” అన్నాడు యెర్నార్.

“మనసు ఒక్కటే చెబితే మళ్లీ ఎలా చేస్తారు? ఏదో చూసుంటారు. గుర్తు తెచ్చుకోండి.”

ఏం చూశాడు? పక్కగది పైకప్పు చూశాడు. చూసింది నేను. ఆ గద్దని రెండు గంటలు చూశాను. చేతిలో ఏమీ లేనప్పుడు పందేనికిచ్చిన గడువుని చివరి సెకను దాకా లాగేవాడు, ఎంతో ఆలోచిస్తున్నట్టు. మంచి ముక్కలు పడితే ఆగలేకపోయేవాడు. మా బంధువులూ అంతే, ఆకలి లేనివాడే కబుర్లు చెబుతాడు, నిజంగా ఆకలేసినవాడి చెయ్యి ముందే పళ్లెం మీదికి పోతుంది. ఆ రోజు గద్ద రెండో సెకనులో ఉన్నదంతా తోసేశాడు. నేను నా రాణుల్ని చూసుకున్నాను. ఎంత బాగున్నాయో. పారేశాను. ఇది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం. తెర నాకు మూరెడు దూరంలో ఉంది. ఆమె కళ్లద్దాల వెనక కళ్లు జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి, నా మొగుడి వంక.

“ఏమ్మా కోడలు పిల్లా!” అత్తయ్య గొంతు. చూస్తే ఆవిడ గిన్నె అంచు దాకా నిండి, బల్ల మీదికి కారుతోంది. “నిండా పోశావే? నా ఇంట్లోంచి నన్నే లేచి పొమ్మంటున్నావా?”

“లేదత్తయ్యా, చూసుకోలేదు.”

“చూసుకోలేదట. టీ పోయడానికి కూడా లెక్కలు చదవాలా? నా అత్త బతికుంటే ఆ గిన్నె నా తల మీద పెట్టి ఊరంతా తిప్పేది.”

యెర్నార్ తెర వైపు తిరిగి నవ్వాడు. “మా ఆవిడ టీ ఒలకబోసింది, ఒక్క నిమిషం.” అందరూ నవ్వారు. జెరె నవ్వలేదు. దానికి నాకు ఇంకా మండింది. గుడ్డ తెచ్చి తుడిచాను. వచ్చేసరికి వాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయారు.

సోమవారం రుస్తెమ్ అందరికీ కంప్యూటర్‌లో ఒక కాగితం పంపాడు. పేరు, పోయిన ఏడాది ఆడినవి, ఫలితం, ఈ ఏడాది లక్ష్యం. నింపడం మామూలుగానే నా పని. యెర్నార్ సోఫాలో పడుకుని చెబుతున్నాడు, పాప అతని కాళ్ల మీద కూర్చుని ఆడుకుంటోంది.

“ఆడినవి పదకొండు వందల నలభై. లాభం తొమ్మిది వేల నాలుగు వందలు.”

పదకొండు వందల ముప్పై తొమ్మిది అని కొట్టాను. నష్టం వెయ్యి ఆరు వందలు అని కొట్టాను. తర్వాత ఇంకో కాగితం తెరిచాను. పేరు: రౌషాన్. పోయిన ఏడాది ఆడినవి: ఒకటి. ఫలితం: లాభం, పదకొండు వేలు. లక్ష్యం దగ్గర కాసేపు ఆగాను. లాభం గడి నేనూ ఖాళీగా వదిలేశాను. టోర్నమెంట్లు మూడు వందలు అని రాశాను, అంతకంటే కుదరదు. చదువు వారానికి పదకొండు గంటలు. జెరె పది అంది కాబట్టి.

కీబోర్డు చప్పుడు ఆగిందని కాబోలు, యెర్నార్ లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“తప్పు కొట్టావు.”

“లేదు.”

“తొమ్మిది వేల నాలుగు వందలు కదా!”

“పదకొండు వేలు తీసేశాను. అవి ఈ రెండో కాగితంలో ఉన్నాయి.”

ముందు నవ్వాడు. తర్వాత రెండో కాగితం చదివాడు. “నీకేమైనా పిచ్చా? ఒకరి సీట్లో ఇంకొకరు ఆడారని తెలిస్తే రుస్తెమ్ నన్ను తీసేస్తాడు.”

“తీసేయొచ్చు. నన్నూ రానివ్వకపోవచ్చు.”

“మరి ఎందుకు? అమ్మకి తెలిస్తే ఏమంటుంది?”

“అత్తయ్యకి తెలుసు. ఆ సాయంత్రం కుర్చీలో ఎవరున్నారో రెండుసార్లు వచ్చి చూసుకున్నారు.”

నేను రెండు కాగితాలూ పంపేశాను. యెర్నార్ సోఫా అంచున కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

“నిజంగా, ఆ రాణుల్ని ఎందుకు పారేశావు?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మూడు నెలలుగా అక్కడే ఉంది.

“ఆదివారం క్లాసులో చెప్తాను,” అన్నాను. “అందరితో పాటు నువ్వూ విను.”