న్యూట్రల్ మీద పెట్టిన స్విచ్చి

పిల్లలిద్దరూ బడికి వెళ్ళి, వీధి మలుపు దాటారని కిటికీలోంచి చూసుకున్నాక గానీ ఆమె ఆ గదిలో పని మొదలుపెట్టదు. మూతబడిన ఫ్యాక్టరీ నుంచి లేతు తెచ్చుకున్నప్పటి నుంచీ అదే పద్ధతి. లేతు మీద చెక్కను తిప్పి, ఉలి ఆనించి కుర్చీకాళ్ళు చెయ్యడం ఆమె పని. కుర్చీల షాపు యజమాని ఒక్క మాటలో తేల్చేశాడు: శనివారానికి నాలుగు కాళ్ళు చేసి చూపిస్తే ఇంటి దగ్గరే పని, లేదంటే ఊరవతల షెడ్డులో రెండో షిఫ్టు. రెండో షిఫ్టంటే పిల్లలు తినేసరికి, చదువుకునేసరికి, నిద్రపోయేసరికి అమ్మ ఇంట్లో ఉండదు.

చిక్కల్లా మోటారుతోనే. అది త్రీ ఫేజు మోటారు. ఇంటికొచ్చేది సింగిల్ ఫేజు కరెంటు. రెంటికీ నడుమ డ్రైవ్ అనే పెట్టె పెడితే ఇంటి కరెంటునే మూడు ఫేజులు చేసి మోటారుకిస్తుంది, వేగం కూడా మన చేతిలోనే ఉంటుంది. పెట్టె కొంది. దానితో వచ్చిన పుస్తకం మూడుసార్లు చదివింది, పెన్సిలుతో గీతలు పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నే అన్నయ్య దిగాడు, చేతిలో స్క్రూడ్రైవరుతో సహా. వెనకాలే బొత్తాం ఊడిన చొక్కా, సూదీ దారం పట్టుకుని వదిన.

"నాతో ఒక్క మాట చెప్పకుండా కొనేశావా? మోటార్ల సంగతి నన్నడగాలి."

అన్నయ్య లిఫ్టుల కంపెనీలో స్టోర్ కీపరు. పాతికేళ్ళు మోటార్ల మధ్యే బతికిన మాట నిజం. అట్టపెట్టెల్లో కట్టి ఉన్న మోటార్ల మధ్య.

"నాకు తెలుసు" అంటే చాలు, ఆయన కాళ్ళు నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు లేస్తాయి. వివరించడం మొదలెడితే జానెడు. ఎవరైనా అవునంటే మూరెడు. అందుకని మాట్లాడేటప్పుడు ఏ కుర్చీనో గుమ్మాన్నో ఒక చేత్తో పట్టుకుని ఉంటాడు. వదిన ఆయన్ని జరగమనకుండానే కాళ్ళ కింద ఊడ్చేస్తుంది.

"పుస్తకంలో ఏం రాశారంటే అన్నయ్యా..."

"పుస్తకాలు రాసేవాళ్ళు పని చెయ్యరు. పని చేసేవాళ్ళు పుస్తకాలు రాయరు." లేతు బెడ్డు, అంటే దాని ఇనప దిమ్మ, పట్టుకుని జానెడెత్తున నిలబడ్డాడు. "నువ్వు కాస్త పక్కకి జరుగు."

గంటలో వైరింగు అయిపోయింది. స్విచ్చి వేశాడు. పెట్టె మీద ఎర్రంకెలు వెలిగాయి. మోటారు మూలిగింది. చెక్క ఆనిస్తే ఆగిపోయింది.

"పెట్టె పాడు," అన్నాడు అన్నయ్య.

"కాదేమో. మోటారు మీద తీగలు కలిపే డబ్బాలో రాగి పట్టీలు అడ్డంగా ఉన్నాయి. ఇంటి కరెంటుకైతే నిలువుగా మార్చాలిట."

"పట్టీలా! పాతికేళ్ళలో ఒక్క పట్టీ మార్చలేదు నేను."

"మార్చి ఉండరు," అంది వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆయన స్విచ్చి కట్టేసి పెట్టె మూత విప్పాడు. అంకెలు ఆరిపోయాయి. ఆమె టెస్టర్ తీసుకుని లోపలి తీగకు ఆనించింది. టెస్టర్‌లో దీపం వెలిగింది.

ఇంట్లోకొచ్చే రెండు తీగల్లో కరెంటు తెచ్చేది ఫేజు, తిరిగి పట్టుకెళ్ళేది న్యూట్రల్. స్విచ్చి ఫేజు మీద ఉండాలి. ఈ మహానుభావుడు న్యూట్రల్ మీద పెట్టాడు. అంకెలు ఆరిపోయాయి గానీ కరెంటు పెట్టెలోనే కాచుకుని కూర్చుంది.

"అన్నయ్యా, ముట్టుకోకు! కరెంటుంది!"

"నీ టెస్టర్ డొక్కుది."

"మెయిన్ కట్టేసి వస్తా, ఒక్క నిమిషం."

"నాకు చెప్పొచ్చావా?" ఆయన ఎడమ చెయ్యి లేతు ఇనప బెడ్డు మీద ఉంది. ఆ బెడ్డుకి ఎర్త్ ఉంది. కుడి చేతి వేలు తీగ వైపు పోతోంది. మెయిన్ స్విచ్చి మెట్ల కింద. చెయ్యి పట్టి లాగితే ఇద్దరూ పోతారు. కాదంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉంది.

"నిజమే అన్నయ్యా," అంది. నోరు చేదైంది. "నాకేం తెలుసు? మోటార్ల గురించి నీకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు?"

అన్నయ్య మొహం వికసించింది. కాళ్ళు మూరెడు లేచాయి, నడుమెత్తు లేచాయి. బెడ్డు మీది చెయ్యి జారిపోయింది. అదే క్షణంలో కుడిచేతి వేలు ఫేజు తీగను తాకింది.

ఏమీ కాలేదు. నేలకు గానీ ఇనుముకు గానీ తగలకుండా గాల్లో ఉన్న మనిషిలోంచి కరెంటు ఎటు పోతుంది?

"చూశావా? చూశావా? లేదని చెప్పానా లేదా!" అంటూ ఆయన సీలింగు దాకా వెళ్ళిపోయాడు. వదిన లేచి, ఎవరూ వెయ్యకుండా ఫ్యాను స్విచ్చికి అడ్డంగా టేపు అంటించి, మళ్ళీ కూర్చుని బొత్తాం పట్టుకుంది.

ఆమె మెట్లు దిగి మెయిన్ కట్టేసింది. పెట్టెలో నిలవున్న కరెంటు దిగిపోయేదాకా, పుస్తకంలో చెప్పినట్టు పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంది. టెస్టర్ మరోసారి పెట్టి చూసింది. స్విచ్చిని ఫేజు మీదకి మార్చింది. మోటారు డబ్బా విప్పి మూడు రాగి పట్టీలూ నిలువుగా బిగించింది.

"ఎడమ స్క్రూ బిగించు," అన్నాడు అన్నయ్య పైనుంచి. అక్కడ ఎడమ స్క్రూ లేదు.

మెయిన్ వేసి వచ్చి స్విచ్చి వేస్తే లేతు తిరిగింది. ఉలి ఆనించగానే చెక్కపొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ రాలింది.

"వదినా, అసలు సంగతి చెబితే కిందికి దిగుతాడు. చెప్పనా?"

వదిన దారం పళ్ళతో కొరికింది. "సోమవారం మా ఇంట్లో గీజరు విప్పుతానంటున్నారు," అంది. "ఉండనీ."

శనివారం యజమాని వచ్చాడు. నాలుగు కాళ్ళూ బల్ల మీద నిలబెట్టి, వంగి చూసి, వాటి మెడల మీద బొటనవేలు పోనిచ్చాడు.

"ఇంటి దగ్గరే చేసుకో అమ్మా," అన్నాడు. పైకి చూసి అడిగాడు. "వైరింగు ఎవరు చేశారు?"

"నేనే!" అన్నాడు అన్నయ్య. ఇంకాస్త పైకి పోబోయాడు గానీ, అక్కడ స్లాబుంది.