రెండో గేరులో నంది కొండ

యలహంక పాత ఊళ్ళో బ్లౌజులు కుట్టే నంజమ్మ యాభై దాటాక కారు నేర్చుకుని, ఆటోమేటిక్ బండి కొనుక్కుంది. ఆమె మొగుడు అశ్వత్థప్ప మాత్రం ఆ బండిని ఒక పట్టాన ఒప్పుకోలేదు. దేవనహళ్ళి ద్రాక్షను సొంత టెంపోలో ఊరూరికీ చేరవేస్తూ బతుకంతా గేర్లు మార్చినవాడాయన.

"క్లచ్చు లేనిది అదేం బండి? ఎడమ కాలును ఇంట్లో పెట్టి రావాలనా?" అనేవాడు.

అంటూనే ప్రతిసారీ వచ్చి పక్క సీట్లో కూర్చునేవాడు. సిగ్నలు దగ్గరికి రాగానే ఆయన ఎడమ కాలు దానంతటదే కింద పరిచిన మ్యాటును తొక్కేది. నంజమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఒక ఆదివారం బొమ్మనహళ్ళి నుంచి అశ్వత్థప్ప అక్క చిక్కమ్మ వచ్చింది. "మోకాళ్ళు పూర్తిగా చెడకముందే నంది కొండెక్కి, మోడాలు కాళ్ళ కింద పోయేది చూడాల" అంది. సరేనని ముగ్గురూ బయలుదేరారు. దారిలో చిక్కమ్మ ఇడ్లీ తినాలంది, తర్వాత కాఫీ తాగాలంది. కొండ మీదికి చేరేసరికి ఆమె చూడాలనుకున్న మబ్బులు లేవు, మాడు పగిలే ఎండ. ఆమె ఏమీ బాధపడలేదు. నీడ చూసుకుని కూర్చుని, తెచ్చుకున్న చిత్రాన్నం కడుపు నిండా తిన్నది.

చిక్కు దిగేటప్పుడు వచ్చింది. నంజమ్మ బ్రేకు మీద పెట్టిన కాలు తీయకుండా మలుపు తర్వాత మలుపు తిప్పుతోంది.

"గేరు తగ్గించు" అన్నాడు అశ్వత్థప్ప.

"ఈ బండికి గేరు యాడుండాది?"

"అదే కదా నేను మొదట్నుంచీ చెప్తాండేది."

"బ్రేకుండాది, చాలు. మీరు ఊరికే కూర్చోండి."

ఇంకో నాలుగు మలుపులు దిగాక వెనక సీట్లోంచి చిక్కమ్మ, "ఎవరో వంకాయలు కాలుస్తాండారు" అంది.

నంజమ్మకూ ఆ వాసన తగిలింది. ఆ తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది గానీ, బండి ఆమె అనుకున్న చోట నెమ్మదించలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కి, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఓరకు తీసి ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగాక ముగ్గురూ కిందికి దిగారు.

ముందు చక్రం నుంచి సన్నగా పొగ వస్తోంది. చిక్కమ్మ నీళ్ళ సీసా మూత తీసింది.

"వద్దక్కా, కాలేదాని మీద నీళ్ళు పోస్తే పగులుతుంది" అని అశ్వత్థప్ప ఆపాడు. మొగుడు ఇక తిట్లు మొదలుపెడతాడని నంజమ్మ అనుకుంది. ఆయన మాత్రం ఆమె ముఖం చూసి, "బ్రేకులు వేడెక్కినాయి, అంతే. చల్లారనీ" అన్నాడు.

చల్లారేదాకా ఏం చేయాలో తోచక ఆయన కారులోకి వంగి అదీ ఇదీ చూడసాగాడు. గేరు రాడ్డు నడిచే గాడిలో, నంజమ్మ ఎప్పుడూ పెట్టి నడిపే D అనే అక్షరం పక్కన చిన్న సందు కనిపించింది. అక్కడ M అని ఉంది. పైన కూడిక గుర్తు, కింద తీసివేత గుర్తు.

"ఇదేంది?"

"తెలీదు. నేర్పించినాయన దాన్ని ముట్టద్దన్నాడు."

అశ్వత్థప్ప ముఖం జాతరలో తప్పిపోయిన చుట్టం దొరికినట్టు వెలిగిపోయింది. "నంజా, దీనికి గేర్లుండాయి. దాచిపెట్టినారు. నువ్వు ఈ పక్కకు రా, నేను దించుతా."

"బండి నాది, నేనే దించుతా. మీరు చెప్పండి."

చక్రం చల్లారాక ముగ్గురూ ఎక్కారు, బండి కదిలింది. ఆయన చెయ్యి ఊరుకోలేక రాడ్డు మీదికి పోబోతే నంజమ్మ తట్టి తోసేసింది. "నోటితో చెప్తే చాలు."

"పక్కకు నూకి రెండులో పెట్టు. ఇప్పుడు బ్రేకు మీది నుంచి కాలు తీసేయ్."

ఇంజను ఒక్కసారిగా గుర్రుమంది. "ఏదో విరిగింది" అంది నంజమ్మ.

"విరగలేదు. ఇంజనే పట్టుకుంటాండాది."

నిజంగానే ఎవరో వెనక నుంచి చెంగు పట్టి లాగుతున్నట్టు బండి నెమ్మదిగా దిగుతోంది. నంజమ్మకు తన కుట్టుమిషను గుర్తొచ్చింది. దాని మోటారు పెడలు మీది నుంచి కాలు తీస్తే చాలు, చక్రాన్ని చేత్తో పట్టి ఆపే పని లేదు. ఇదీ అట్లాంటిదే అనుకుంది. ఇప్పుడు మలుపు దగ్గర మాత్రం బ్రేకును తాకీ తాకనట్టు తాకుతోంది. పెడలు మళ్ళీ గట్టిగా తగిలింది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

అశ్వత్థప్పకు హుషారెక్కింది. "ఇప్పుడు ఒకటి ఎయ్యి."

ఆమె రాడ్డును తీసివేత వైపు లాగింది. బండి టింగుమంది. స్టీరింగు ముందు కనబడే గేరు అంకె మాత్రం రెండుగానే ఉంది.

"ఇంకోసారి ఎయ్యి." మళ్ళీ టింగుమంది.

"ఏం, మనిషి చెప్పినట్టు వినదా ఇది?"

"ఈ స్పీడుకు ఒకటి వద్దంటాండాదేమో" అంది నంజమ్మ.

"తెలివైన బండి" అంది వెనక నుంచి చిక్కమ్మ. "మా తమ్ముడి మాట అన్నిసార్లూ వినకూడదు."

కొండ దిగి చదును రోడ్డు మీదికి వచ్చినా ఇంజను అరుపు తగ్గలేదు. నంజమ్మ యాక్సిలరేటరు ఎంత తొక్కితే అంత అరుస్తోంది. మొగుడు చెప్పేదాకా మార్చకూడదేమోనని ఆమె, మళ్ళీ చెప్తే పెళ్ళానికి కోపమొస్తుందేమోనని ఆయన, ఇద్దరూ బండిని రెండులోనే పోనిచ్చారు. దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. చివరికి చిక్కమ్మే చెవులు మూసుకుని, "ఆ అల్లరి ఆపండప్పా" అంది. అప్పుడు అశ్వత్థప్ప గొంతు సవరించుకుని, "మూడు. ఊఁ, నాలుగు" అని, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు ఒక్కొక్క గేరూ చెప్పుకుంటూ పోయాడు. నంజమ్మ నవ్వాపుకుంటూ వేసింది.

దేవనహళ్ళిలో టీకి ఆగారు. నంజమ్మ ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. అయినా రేపు పొద్దున్నే బ్రేకులు చూపించాలనుకుంటూ వెనక్కి తిరిగేసరికి, అశ్వత్థప్ప ఎవరో ముక్కూముఖం తెలియని మనిషిని పట్టుకుని చెబుతున్నాడు.

"ఆటోమేటిక్ అంటే గేర్లుండవనుకుంటారు జనం. చూసేవాళ్ళు చూస్తే ఉండాయి."

నంజమ్మ బండెక్కి, రాడ్డును మళ్ళీ D లోకి తెచ్చి, ఆయన్ను రమ్మని హారన్ కొట్టింది.