కమిషనర్ గారి వీధి

మా అత్తయ్యకు చూపు లేదంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని ఒక్కతే వీధిలోకి బయలుదేరేది. పక్కింటి మాస్టారి ప్రహరీ గోడ గరుకుగా ఉంటుంది, దాని మీద వేళ్ళు రాసుకుంటూ నడిచేది. గోడ అయిపోగానే బేకరీ పొయ్యి వేడి చెంపకు తగిలేది. అక్కడ రొట్టె తీసుకుని, మందుల షాపు ఫ్రిజ్ రొద వినబడే వైపు తిరిగి, ఆ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరి యోగక్షేమాలూ విచారించేది. తర్వాత వీధి చివర మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, ఇనుప గేటును కర్రతో ఒక్కసారి తట్టి వెనక్కి వచ్చేది. కాలువ మీద బండ కదిలినా, ఎవరింటి కుళాయి కారినా ముందు ఆవిడకే తెలిసేది. అందుకే వీధివాళ్ళు ఆవిడకు కమిషనర్ గారని పేరు పెట్టారు.

"కమిషనర్ గారూ, ఈరోజు ఎవరిని అరెస్టు చేశారు?" అనేవాడు మందుల షాపాయన.

"కాలం చెల్లిన మందులు అమ్మేవాళ్ళని వెతుకుతున్నాను నాయనా. నువ్వు షాపు మూసి పారిపో," అనేది అత్తయ్య.

ఆ నడక ఆవిడకు నేర్పింది కూడా వీధే. ఆ మాట నేను కాదనను, నాకెంత కోపం ఉన్నా సరే. కంటి నరాలు ఎండిపోయాయి, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. అప్పుడు పైవాటాలో ఉండే ఇంటావిడే రోజూ కిందికి దిగొచ్చి, "లేవండి పెద్దమ్మగారూ, నాకు తోడు లేకపోతే నడవబుద్ధి కాదు," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది. మాస్టారు తన గేటు ముందున్న పూలకుండీలు తీయించేశాడు, ఆవిడ కాలికి తగులుతాయని. ఇలాంటి మనుషుల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. శత్రువైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

నేను బట్టలు కుడతాను. ఇంటావిడ కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం, ముందు గదిలో నా మిషను, వెనక గదిలో మా కాపురం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. మిషను పని నాది, చేతిపని అత్తయ్యది. అంచులు మడిచి కుట్టడం, గుండీలు తడిమి జతలు చేయడం ఆవిడ వేళ్ళకు మంచినీళ్ళ ప్రాయం. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం మటుకు నేనే.

ఇంటావిడ కొడుకు ఇల్లు పడగొట్టి కొత్తగా మేడలు లేపుతానన్నాడు. వచ్చే ఎండాకాలానికి ఖాళీ చేయమన్నాడు. ఇల్లు అతనిది, మేమేం అనగలం? వెతకడం మొదలుపెట్టాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకు దొరికించుకుని చూడు అని ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు. ఆ చుట్టుపక్కల అద్దెలు వింటే గుండె దడ పట్టుకునేది. ఊరి చివర అయితే దొరుకుతుందన్నారు. మాకేం, ఎక్కడైనా బతుకుతాం. అత్తయ్య సంగతి? ఆ వయసులో ఇంకో వీధిని ఎవరు నేర్పుతారు, ఎన్నేళ్ళకు నేర్చుకుంటుంది? ఆ వీధి దాటిస్తే ఆవిడ మళ్ళీ గోడవైపు తిరుగుతుందని నా భయం.

సరిగ్గా అప్పుడే ఆ సబ్బుల ఫ్యాక్టరీ స్థలంలో చిన్న చిన్న ఫ్లాట్లు కడతామని నగరపాలక సంస్థవాళ్ళు ప్రకటించారు. ఆ చుట్టుపక్కలే పనిచేసుకుంటూ అద్దెకు ఉండేవాళ్ళకు తక్కువ అద్దెకు ఇస్తారట. దరఖాస్తు పెట్టాం. లాటరీలో మా పేరు వచ్చింది. చూపు లేని మనిషి ఉందని కింది అంతస్తే రాశారు. ఆ సాయంత్రం అత్తయ్య నవ్విన నవ్వు నేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. "ఫ్యాక్టరీ గేటుదాకా నా కర్ర ఒక్కటే వెళ్ళిరాగలదే, నేనెందుకు కూడా!" అంది.

నేను వీధంతా చాటుదామనుకున్నాను. మా ఆయన ఆపాడు. "ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంటుంది. తాళంచెవి చేతికొచ్చాక చెబుదాం. అప్పటిదాకా నీ నోటికో కుట్టు వేసుకో," అన్నాడు. వేసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదే మా కొంప ముంచింది.

ఒకరోజు దారాలు కొనడానికి బజారుకెళ్ళి వచ్చేసరికి అత్తయ్య నేలమీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పెద్ద తెల్లగుడ్డ పరుచుకుని, అంచు కుడుతోంది. ముఖం వెలిగిపోతోంది.

"ఇంటావిడ ఇచ్చివెళ్ళింది అమ్మాయ్. వీధంతా కలిసి కట్టే బ్యానరట. రంగుతో రాస్తే వానకి కారిపోతుందని అక్షరాలు ఎర్రగుడ్డతో కత్తిరించి టాకాలు వేశారు. వాటిమీద నువ్వు మిషను వెయ్యాలి. డబ్బులు వద్దన్నాను. వీధి పని కదా!"

గుడ్డ తిప్పి చూశాను. ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి జానెడు. మా వీధిలో చౌక ఫ్లాట్లు వద్దు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డను చించి పోగులు పెడదామన్నంత కోపం వచ్చింది. కానీ ఎదురుగా ఈవిడ, అంత సంబరంగా సూది వేస్తోంది.

"ఏం రాశారే?" అంది.

"ఏదో రాశార్లే అత్తయ్యా. మీరు ముందు అన్నం తినండి."

నా గొంతులో ఏముందో ఆవిడకు తెలిసిపోయింది. సూది ఆపి, చేతికింద ఉన్న అక్షరాలను వేలితో నిదానంగా తడిమింది. చిన్నప్పుడు బళ్ళో దిద్దిన అక్షరాలు మరిచిపోయే రకం కాదు.

"వద్దు అని ఉంది. ఏం వద్దట?"

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. నేను గుడ్డ మడవబోయాను. ఆవిడ గుడ్డను వెనక్కి లాక్కుంటూ, ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ మొత్తం చదివేసింది.

"వాళ్ళకి తెలియదు కదే," అంది. "మనం చెప్పలేదు కదా. తెలిస్తే ఎందుకంటారు?"

"మీరింత అమాయకంగా ఉంటే ఎలా అత్తయ్యా? మనకి కాకపోతే ఇంకొకళ్ళకి. ఎవరో పేదవాళ్ళకే కదా వద్దంటున్నారు!"

"మనవాళ్ళేనే. నన్ను లేపి నడిపించింది వాళ్ళే. నేను వెళ్ళి చెబుతాను," అని మళ్ళీ సూది అందుకుంది. ఆ అంచు చివరిదాకా కుట్టి, ముడి వేసి, పళ్ళతో దారం కొరికింది. ఎందుకు కుడుతున్నారంటే, ఒప్పుకున్న పని సగంలో వదలకూడదు అంది. అక్షరాల మీద మిషను వెయ్యమని మాత్రం నన్ను అడగలేదు. నేను వెయ్యలేదు కూడా.

ఆదివారం పొద్దున మాస్టారి వరండాలో మీటింగు. అత్తయ్య గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని ముందు నడిచింది, వెనక నేను. "కమిషనర్ గారు కూడా వచ్చేశారు, ఇక గెలిచినట్టే!" అని మందుల షాపాయన నవ్వాడు. కుర్చీ వేశారు. మాస్టారు ప్రేమగా చెప్పుకొచ్చాడు. నీళ్ళు చాలవట, బళ్ళు పెట్టుకోవడానికి చోటుండదట. ఎవరెవరో వచ్చి చేరతారు, రేపు మన ఆడపిల్లలు ధైర్యంగా తిరగలేరు అన్నాడు.

అత్తయ్య అంతా విని, "ఆ వచ్చేవాళ్ళలో నేనూ ఉన్నాను మాస్టారూ," అంది.

లాటరీ సంగతి నేను చెప్పాను. ఇంటావిడ ముఖం పాలిపోయింది. లేచొచ్చి అత్తయ్య చేతులు పట్టుకుంది.

"అయ్యో పెద్దమ్మగారూ! ఒక్కమాట చెప్పలేదేం? మీరు వేరు. మీరు మా మనిషి. మేమన్నది మీ గురించి కాదు."

"అవునండీ, మీ ఒక్కరికే అయితే ఎవరు కాదంటారు?" అన్నాడు మాస్టారు. "మీతోపాటు వచ్చే మిగతావాళ్ళ సంగతే మా బాధ. వాళ్ళెలాంటివాళ్ళో మనకేం తెలుసు?"

"వాళ్ళని ఎరిగినవాళ్ళు కూడా ఏదో ఒక వీధిలో ఉండే ఉంటారు కదండీ," అంది అత్తయ్య. "అక్కడ వాళ్ళూ నాలాంటివాళ్ళేనేమో."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనిక ఆగలేకపోయాను. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదేనండీ! మీ ఇళ్ళలో చోటివ్వరు, దొరికిన చోటికి పోనివ్వరు," అన్నాను. అత్తయ్య నా మోచేయి నొక్కింది.

వాళ్ళు నిజంగానే బాధపడ్డారు. కోర్టులో కేసు వేసేశాం, పక్క వీధులవాళ్ళు కూడా సంతకాలు పెట్టారు, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మాట పోతుంది అన్నారు. దానికి బదులు, కమిషనర్ గారికి ఈ వీధిలోనే ఇల్లు చూసే పూచీ మాది అన్నారు. చూశారు కూడా. బేకరీ ఆయన మేడమీది గది చూపించాడు, దాని మెట్లు నిచ్చెన కన్నా నయం అంతే. మందుల షాపాయన వెనక గది ఇస్తానని చెప్పి, సరుకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊరుకున్నాడు. మాస్టారి కింది వాటా ఖాళీగానే ఉంది. దాన్ని ఏదో కంపెనీకి ఇవ్వడానికి అట్టిపెట్టాడు. దాని ఊసు ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ గుడ్డను తీసుకెళ్ళి ఇంకో దర్జీ చేత కుట్టించుకుని వీధి మొదట్లో కట్టారు. దాని కిందినుంచే అత్తయ్య రోజూ రొట్టెకు వెళ్ళొచ్చేది.

వాళ్ళే గెలిచారు. ఫ్లాట్లు రద్దయ్యాయి. ఆ స్థలాన్ని ఎవరో పెద్దవాళ్ళు వేలంలో కొనుక్కున్నారు.

మేం వెళ్ళిపోయే రోజున వీధంతా వచ్చింది. ఇంటావిడ వెక్కివెక్కి ఏడ్చింది. రొట్టెలు, మందులు, దుప్పట్లు, ఒకటని కాదు, లారీలో మా సామాను కంటే వాళ్ళు ఇచ్చినవే ఎక్కువ. "ఇక మా బట్టలు ఎవరు కుడతారే?" అని ఒకావిడ నన్ను వాటేసుకుంది. ఆవిడను వెనక్కి నెట్టాలనిపించింది. నెట్టలేక నేనూ ఏడ్చాను.

కొత్త ఇల్లు బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉంది. గుమ్మం దాటితే పెద్ద రోడ్డు. రోజంతా లారీలు. పట్టుకుని నడవడానికి గోడ లేదు, చెంపకు తగిలే వేడి లేదు, ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో లారీల హోరులో తెలియదు. మొదట్లో నేను చెయ్యిపట్టుకుని తిప్పేదాన్ని. ఒకరోజు నేను మిషను మీద ఉండగా ఆవిడ ఒక్కతే బయలుదేరింది. హారన్లు వినబడి పరుగెత్తాను. రోడ్డు మధ్యలో రెండు చెవులూ మూసుకుని చతికిలబడి ఉంది. లారీ దిగిన మనిషి నామీద అరిచాడు. "గుడ్డిదాన్ని ఒంటరిగా వదిలేశారేంటమ్మా! బుద్ధుందా?" అన్నాడు. అన్నేళ్ళలో ఆ వీధిలో ఆ మాట ఎవరూ అనలేదు. అత్తయ్య ఇంట్లోకొచ్చి కర్రను మంచం కిందికి తోసేసింది.

ఆ తర్వాత చాలాకాలానికి ఇంటావిడ చూడటానికి వచ్చింది. అడుగుల చప్పుడుకే అత్తయ్య గుర్తుపట్టింది. ఇద్దరూ మంచంమీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ ఫ్యాక్టరీ స్థలంలో ఎవరొచ్చారని అత్తయ్య అడిగింది.

"పెద్ద పెద్ద బంగళాలు పెద్దమ్మగారూ. గేట్లు తెరవరు. లోపల ఎవరున్నారో కూడా తెలియదు, పలకరిస్తే పలకరు. మాస్టారు కింది వాటా కంపెనీకిచ్చాక వాళ్ళ బళ్ళతో వీధంతా నిండిపోయింది. నడవడానికి దారే లేదు. మీరున్నప్పటి వీధి కాదది." కళ్ళు ఒత్తుకుంది. "తప్పు చేశామేమో అనిపిస్తుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా అత్తయ్యే ఆవిడ వీపు నిమురుతూ, "ఊరుకో తల్లీ, ఊరుకో. నీకు మాత్రం తెలిసి చేశావా?" అని ఓదార్చింది. ఏడవాల్సింది ఎవరు, ఓదార్చాల్సింది ఎవరు? వంటగదిలోకి వెళ్ళి ఊరికే గిన్నెలు తోమాను.

ఇంటావిడ వెళతానని లేచింది. అత్తయ్య కూడా లేచి, గోడ పట్టుకుంటూ వెంట నడిచింది. గుమ్మం దగ్గర కాలిబొటనవేలితో గడపను తాకి ఆగిపోయింది.

"రండి పెద్దమ్మగారూ, స్టాపుదాకా నాతో నడుద్దురుగాని," అంది ఇంటావిడ చెయ్యి చాపి.

అత్తయ్య ఆ చేతిని తడిమి పట్టుకుంది, ఒకసారి కళ్ళకద్దుకుని వదిలేసింది.

"నాకు చూపు ఇక్కడిదాకానే తల్లీ. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా," అంది.