పాట కింది మాట

పెండ్లి వీడియోలు తీసేవాళ్లు కెమెరా వెనక నిలబడి ఎంత వాగుతారో ఆ వీడియోలు చూసేవాళ్లకు తెలియదు. "అక్కా, జర నవ్వు", "మామా, అడ్డం జరుగు", "పెండ్లిపిల్లగా, గట్ల బిగుసుకపోయినవేందిరా" - ఈ సొదంతా ఎడిటింగులో తీసేసి, ఆ జాగాలో ఒక పాట పరుస్తారు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో పెట్టుకున్న నగేశ్ పదేళ్లుగా చేస్తున్న పని అదే. వీడియో తీసేది అర్షద్, పాట పరిచేది నగేశ్. అర్షద్ లాంటి వాగుడుకాయ ఆ చుట్టుపక్కల మరొకడు లేడు.

"నీ గొంతు తీసేటందుకే నాకు సగం దినం పోతున్నదిరా" అని నగేశ్ విసుక్కునేవాడు.

"తియ్యన్నా, అసలుది నా దగ్గర ఉంటది గదా" అని నవ్వేవాడు అర్షద్. నిజంగానే దాచుకునేవాడు. కామారెడ్డిలో పాతది కొన్న ఆపిల్ లాప్‌టాప్ అంటే వాడికి ప్రాణం. తీసిన ప్రతి పెండ్లినీ దాంట్లోంచి ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించుకునేవాడు. నగేశ్ మాత్రం పెండ్లివాళ్లకు వీడియో అప్పగించగానే తన దగ్గరున్నవన్నీ తుడిచేసేవాడు.

మొన్న ఎండాకాలంలో లింగంపేట దాటగానే అర్షద్ బండిని లారీ గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. వీపు మీది బ్యాగులో లాప్‌టాప్, జేబులో ఫోను నుగ్గునుగ్గయ్యాయి. ఇంట్లో బీరువాలో ఉన్న హార్డ్ డిస్కు ఒక్కటే మిగిలింది.

నలభయ్యో రోజు చాలీస్వా అయిన మర్నాడు, అర్షద్ తల్లి సాబేరా, చెల్లెలు మెహక్ లింగంపేట నుంచి బస్సులో వచ్చి ఆ డిస్కును నగేశ్ బల్ల మీద పెట్టారు. సాబేరా బీడీలు చుట్టి ఆ పిల్లలిద్దరినీ సాకిన మనిషి.

"ఫొటోల నా కొడుకు మాట్లాడుతలేడు బేటా" అంది. "పెండ్లిండ్లల్ల ఒకటే వాగుతుండె గద. గా వాగుడు ఒక్కసారి వినిపియ్యి. ఇంకేం అడగ."

"గదెంత పని అమ్మీ, ఎల్లుండి రాండ్రి" అన్నాడు నగేశ్.

నిజానికి అది పెద్ద పనేం కాదు. ఆపిల్ కంప్యూటరున్న వాళ్ల దగ్గర తగిలిస్తే సరిపోయేది. నగేశ్‌ది విండోస్ కంప్యూటరు. ఆపిల్ పద్ధతిలో రాసిన డిస్కును అది చదవలేదు. నాకు చదవరాదు అని ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది ఆ మాయదారి డబ్బాకు? చెప్పదు! వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటావా అని అడిగింది. ప్రతి పెండ్లి పొద్దున కెమెరా కార్డులు ఫార్మాట్ చేసి ఖాళీ చేయనిదే నగేశ్ గడప దాటడు. ఆ మాట కనబడితే చాలు, అతని వేలు మనసును అడక్కుండా నొక్కేస్తుంది. నొక్కేసింది. ఉన్నదంతా పోతుంది సుమా అని కంప్యూటరు మళ్లీ ఒకసారి హెచ్చరించింది. అప్పుడే నాగిరెడ్డిపేట పెండ్లివాళ్లు ఆల్బం ఎప్పుడిస్తావని ఫోనులో అరుస్తున్నారు. చూడకుండా దాన్నీ నొక్కేశాడు.

తెరిచి చూస్తే డిస్కు ఖాళీ. తప్పు చేసినవాడు తనకు తాను ఎంత కమ్మగా చెప్పుకుంటాడో చూడండి. ముందే ఏమీ లేనట్టుంది, ఉంటే కంప్యూటరు చూపకపోయేదా అనుకున్నాడు. అదే ఊపులో మెహక్‌కు ఫోను చేసి, "ఇది ఖాళీది చెల్లె. ఇంకోటి ఉంటది, ఇంట్ల మంచిగ వెతుకు" అన్నాడు. అక్కడితో ఆగినా ఎంతో కొంత దక్కేది. తన కంప్యూటరు నిండిపోయి ఉంది, కళ్ల ముందు ఇంత ఖాళీ డిస్కు! నాగిరెడ్డిపేట పెండ్లితో పాటు ఇంకో ఆరు పెండ్లిళ్లు అందులోకి ఎక్కించేశాడు.

తల్లీకూతుళ్లు మూడు రోజులు ఇల్లంతా తిరగేశారు. తునికాకు మూటలు కూడా విప్పి చూశారట. నాలుగో రోజు మెహక్ ఫోను చేసింది. "అన్నా, మా అన్న దగ్గర ఉన్నదే ఒక్కటి. వెనక పచ్చ స్టిక్కర్ ఉంటది చూడు."

నగేశ్ డిస్కు తిప్పాడు. పచ్చ స్టిక్కరు మీద అర్షద్ రాత: 'అసలువి'. అది అతను మొదటి రోజే చూశాడు.

పడుతూ లేస్తూ కామారెడ్డికి పరుగెత్తాడు. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే భాగ్యశ్రీ సగం రోజు డిస్కుతో కుస్తీ పట్టింది.

"ఇది ఖరాబ్ గాలేదన్నా, ఆపిల్‌ది అంతే" అంది. "మా దగ్గరికి తెచ్చినా ఐదు నిమిషాల్ల తెరుచుకుంటుండె. ఫార్మాట్ కొట్టినంక గూడ తీస్తుంటి. గని దాని మీద ఇన్ని పెండ్లిండ్లు నింపినవ్, ఇంక నేనేం తియ్యాలె?" ఎంత ఏరినా దొరికినవి ఫైళ్ల పేర్లే. ఒకే ఒక్క వీడియో ముక్క తెరుచుకుంది. అందులో పచ్చని గళ్లు తప్ప మనిషీ లేడు, మాటా లేదు.

తిరిగొచ్చి నగేశ్, పెండ్లివాళ్లకు ఇచ్చిన పాత వీడియోలు అడిగి తెచ్చుకుని చూశాడు. అన్నిట్లోనూ పాటలే. చివరికి పోచారం దగ్గరి పెండ్లి ఒకటి దొరికింది. అర్షద్ ఏదో అన్నాడు, పందిట్లో ఆడవాళ్లంతా కెమెరా వైపు చూసి పడీ పడీ నవ్వుతున్నారు. పాట మాత్రం నగేశ్ పరిచిందే.

దాన్ని లాప్‌టాప్‌లో వేసుకుని లింగంపేట వెళ్లాడు. సాబేరా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అమ్మీ, అది ఖాళీది గాదు" అన్నాడు గుమ్మంలోనే. "నేనే తుడిచేసిన."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. మెహక్ గోడకు ఆనుకుని, "మూడు దినాలు మాతోటి ఇల్లంత వెతికిపిచ్చినవ్ గదన్నా" అంది. ఆ మాటకు నగేశ్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. తిట్టినా బాగుండేది.

సాబేరా, "ఏమన్న మిగిలిందా?" అని అడిగింది. నగేశ్ లాప్‌టాప్ తెరిచి పోచారం పెండ్లి చూపించాడు.

"వీళ్లు మావోణ్ణి చూసేనా గింత నవ్వుతున్నరు?"

"అవు అమ్మీ."

"ఏమన్నడు?"

ఆ రోజు లైటు పట్టుకుని అర్షద్ పక్కనే నిలబడ్డది నగేశే. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. తల అడ్డంగా ఊపాడు.

"అయితె ఆ పాట బంద్ చెయ్యి బేటా" అందామె. "వాని మాట దాని కింద ఉంటది గద."

పాట పరిచేటప్పుడే ఆ మాటను తానే తీసేశానని చెప్పలేకపోయాడు. పాట ఆపేశాడు. తెర మీద ఆడవాళ్లు చప్పుడు లేకుండా నవ్వుతున్నారు. సాబేరా చాట పక్కన పెట్టి, తల మీది కొంగు తొలగించి, లాప్‌టాప్‌కు చెవి ఆనించింది.

"మెహక్, జర ఫ్యాన్ బంద్ చెయ్" అంది.

మెహక్ వెళ్లి ఫ్యాను ఆపింది.