పాల పద్దు

అమలాపురం గడియారస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. దాని పై మేడలో ఒక సర్వే కంపెనీ బ్రాంచి ఆఫీసు. గ్యాసు పైపులు వేసేవాళ్ళకీ, కాలవ గట్లు పోసేవాళ్ళకీ, రొయ్యల చెరువులు తవ్వుకునేవాళ్ళకీ నేల కొలిచి పటాలు గీసి ఇవ్వడం వాళ్ళ పని. ఆ ఆఫీసుకి ఇన్‌ఛార్జి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. అంత పేరు పలకడం కష్టమని అందరూ రావుగారనేవారు. మనిషి మెత్తన. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. కానీ ఆయన చెయ్యి పడిన కాగితంలో అబద్ధం ఉండడానికి వీల్లేదు. ఒక చెరువు గట్టు ఉన్నదాని కన్నా వెడల్పుగా చూపించమని ఆసామి బతిమాలితే, కాఫీ తెప్పించి, తాగించి, వట్టి చేతులతో పంపించిన మనిషి.

రెండు వేల ఆరులో హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్ళు ఇంటర్నెట్టులో నడిచే కొత్త ప్రోగ్రాం ఒకటి తెచ్చిపెట్టారు. ఇకమీదట ఏ బ్రాంచి వాళ్ళైనా కబుర్లు చెప్పుకోవాలన్నా, పటాలు పంపుకోవాలన్నా అందులోనే. అన్నిటికంటే ముఖ్యమైనది టైమ్‌షీటు. ఏ గంటలో ఏ పని చేశారో ఎవరిది వాళ్ళు రోజూ అందులో ఎక్కించాలి. పక్కన పద్దుల జాబితా ఒకటి కనపడుతుంది. సర్వే, డ్రాయింగు, చెకింగు, మీటింగు, ప్రయాణం, అన్నిటికీ ఆఖర్న ఇతరములు. ప్రతి అరగంటా ఏదో ఒక పద్దు కింద పడాలి. రోజుకి ఎనిమిది గంటలు నిండకపోతే ఆ షీటుని మిషను పుచ్చుకోదు. శనివారం సాయంత్రం రావుగారు అందరివీ చూసి ఒప్పుకుంటే అవి హైదరాబాదు వెళ్ళేవి.

సర్వేయరు ప్రకాష్‌కి మొదటి వారమే దాంతో పేచీ వచ్చింది.

"ఓడలరేవు రోడ్డులో బురదలో దిగబడిపోయేనండీ. ఆ అరగంట ఏ పద్దులో వెయ్యమంటారు?"

"సర్వేలో వెయ్యవయ్యా."

"నేను సర్వే చెయ్యలేదు కదండీ. బురదే నన్ను సర్వే చేసింది."

రావుగారు నవ్వి, దాన్ని ప్రయాణంలో వేయించారు. కాళ్ళు కదిలాయి కాబట్టి అబద్ధం కాదని ఆయన లెక్క.

పద్మశ్రీ పురిటి సెలవు ముగించుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. కంప్యూటరు మీద పటాలు గీయడంలో ఆ ఆఫీసులో ఆమెకి సాటి లేదు. భర్త అమ్మిరాజు మస్కట్‌లో క్రేను నడుపుతాడు. ఆమె కొంకాపల్లిలో ఒక వాటా అద్దెకి తీసుకుని ఉంటోంది. పసిపిల్లని చూసుకోవడానికి అత్తగారు పెద్దింట్లమ్మ ఓడలరేవు నుంచి వచ్చి ఉంది. సముద్రపు గాలికి నల్లబడిన, గట్టి మనిషి. పూటకొకసారి పిల్లని భుజాన వేసుకుని, నల్ల గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చేది.

"ఆయ్, వచ్చేనండి బాబుగారూ," అని గుమ్మంలో ఒక మాట చెప్పి, తిన్నగా సామాన్ల గదిలోకి వెళ్ళేది. పద్మశ్రీ లేచి వెనకే వెళ్ళేది. మూడుకాళ్ళ స్టాండ్లూ, కొలతల గొలుసులూ ఉండే ఆ గదిలో రెండో రోజుకల్లా ఒక కుర్చీ, తలుపుకి ఒక గడియ కనపడ్డాయి. ఎవరు పెట్టించారో పద్మశ్రీ అడగలేదు. రావుగారు చెప్పలేదు.

ఆ శనివారం టైమ్‌షీట్లు చూస్తూ పద్మశ్రీది తెరిచేసరికి రావుగారి చెయ్యి ఆగింది. ప్రతిరోజూ రెండు అరగంటలు ఇతరముల కింద పడి ఉన్నాయి. ఎదురుగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: పాపకి పాలు.

ఆయనకి చెవులు వేడెక్కాయి. ఇలాంటి సంగతి ఎలా ఎత్తాలో ఆయన యాభై రెండేళ్ళ జీవితంలో ఎవరూ నేర్పలేదు. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పిలిచారు.

"అమ్మా పద్మశ్రీ, ఈ అరగంటలు..."

"తప్పు రాశానాండీ?"

"తప్పు కాదనుకో. హైదరాబాదు వాళ్ళు ఏమంటారోనని."

పక్క బల్ల మీంచి ప్రకాష్ అందుకున్నాడు. "చెకింగులో పడేయండి మేడమ్. ఎవరు చూడొచ్చేరు?"

పద్మశ్రీ తల దించుకునే అంది, "చెకింగు చేసేనని రాస్తే, సార్ దాన్ని ఒప్పుకోవాలి కదండీ. నాకోసం ఆయన చేత అబద్ధం ఒప్పించనా?"

రావుగారు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని పంపేశారు.

సోమవారం ఉదయానికి షీటు ఎర్రగా తిరిగి వచ్చేసింది. రిమార్కు చెల్లదు, సరిచేసి పంపండి అని ఉంది. రావుగారు మళ్ళీ పంపారు. ఈసారి ఇంకో ముక్క కలిసి వచ్చింది. పని కాని సమయాన్ని ఉద్యోగి సెలవులోంచి తగ్గించాలట. పంపినవారి పేరు లక్ష్మీతులసి, హెడ్డాఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ.

పద్మశ్రీ ఆ ముక్క చదివింది. ఆమెకి ఉన్న సెలవులన్నీ పురిటితోనే అయిపోయాయి. కాసేపు తెర వంకే చూసి, "డబ్బా పాలు అలవాటు చేస్తానండీ," అంది. ఎవరి మీదా నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అదే రావుగారికి గుచ్చుకుంది.

మర్నాటి నుంచి నల్ల గొడుగు రావడం మానేసింది. ఆ వేళకి రావుగారి చెవులు తమంతట తామే మెట్ల వైపు వెళ్ళేవి. పద్మశ్రీ కుర్చీలోంచి లేవకుండా గీస్తూనే ఉంది. మధ్యాహ్నం ఒక పటం చూపించడానికి వచ్చినప్పుడు, ఎండాకాలంలో చున్నీని శాలువాలా కప్పుకుని, దాని మీంచి ఫైలుని గుండెలకి హత్తుకుని నిలబడింది. పటంలో కాలవకి రెండు గట్లూ ఒకే వైపు పడ్డాయి. చేరిన దగ్గర్నుంచీ ఆమె చేతిలో అలాంటి తప్పు రావుగారు చూడలేదు. ఆయన తలెత్తకుండా, "అక్కడ పెట్టి వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను," అన్నారు.

ఆ వారం చివర్లో, పిలవకుండానే పెద్దింట్లమ్మ మెట్లెక్కి వచ్చింది. గొడుగు లేదు. జుట్టు చెదిరి ఉంది. భుజం మీద పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు చిన్నగా మూలుగుతోంది.

"సీసా ముట్టడం లేదండి బాబుగారూ. నోట్లో పెడితే ఉమ్మేత్తంది. పొద్దుట్నించీ రెండు చెంచాల నీళ్ళే. నాకు ఇంక ధైర్యం చాల్లేదండి."

పద్మశ్రీ లేచి నిలబడింది. రెండడుగులు వేసి, మళ్ళీ ఆగి రావుగారి వైపు తిరిగింది.

"ఏమని రాయనండీ?"

రావుగారు కుర్చీలోంచి లేచారు. సొంత బిడ్డ ఆకలితో ఎదురుగా ఉంటే, ఒక తల్లి పద్దు పేరు అడగవలసి వచ్చింది. అదీ తనని అడగవలసి వచ్చింది.

"ముందు వెళ్ళమ్మా," అన్నారు. "ఏమని రాయాలో నేను చూస్తాను."

సామాన్ల గది తలుపు మూసుకుంది. మూలుగు ఆగిపోయింది.

రావుగారు ఫోను దగ్గరికి లాక్కుని హైదరాబాదు కలిపారు. లక్ష్మీతులసే ఎత్తింది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వీలైనంత మెల్లిగా మొదలుపెట్టారు.

"అమ్మా, అమలాపురం నుంచండీ. ఆ టైమ్‌షీటు సంగతి. మా అమ్మాయి ఒకావిడ బాలింత. ఆ విరామం..."

"వినపడట్లేదండీ. ఏ విరామం?"

"అదేనమ్మా. బిడ్డకి..."

"సార్, లైను బాగోలేదు. కాస్త గట్టిగా చెప్పండి."

రావుగారు కళ్ళు మూసుకున్నారు. "పాలండీ. బిడ్డకి తల్లి పాలు," అన్నారు, కింద స్టీలు కొట్టువాళ్ళకి కూడా వినపడేలా.

ప్రకాష్ తన కంప్యూటరు వెనక తల దాచుకున్నాడు. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నారు రావుగారు.

"ఉన్నానండీ," అంది లక్ష్మీతులసి. గొంతు ఇందాకటిలా లేదు. "ఇతరముల్లో అయితే నేను ఒప్పుకోలేనండీ, పై వాళ్ళు నన్ను అడుగుతారు. కొత్త పద్దు తెరవాలంటే బ్రాంచి ఇన్‌ఛార్జి రాసి పంపాలి. పద్దు పేరేంటి, దాని వల్ల కంపెనీకి లాభం ఏంటి, రెండూ రాయాలి. డైరెక్టరు గారు సరేనంటే జాబితాలోకి ఎక్కిస్తాను."

"ఇంత సులువైన దారుంటే ముందే చెప్పకపోయేరా అమ్మా?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ."

ఇంటికెళ్ళాక భోజనానికి ముందు, తెల్ల కాగితం తీసి రావుగారు పద్దు పేరు రాయబోయారు. రాసిందల్లా కొట్టేస్తూ వచ్చి, ఆఖరికి ఒకటి కుదిరిందనిపించి భార్య కామాక్షికి చదివి వినిపించారు. "మాతా శిశు సంక్షేమ విరామము."

కామాక్షి దొండకాయలు తరుగుతోంది. "ఆసుపత్రి గోడ మీద రాసినట్టుందండీ," అంది.

"మరేమనమంటావు?"

"పాలు తాగించడాన్ని పాలు తాగించడమనే అంటారు."

"ఆఫీసు కాగితంలోనా?"

"జరుగుతోంది ఆఫీసులోనే కదండీ."

రావుగారు కాసేపు ఆలోచించి, ఉన్నదంతా కొట్టేసి, బిడ్డకి పాలు అని రాశారు. రాశాక, అంతకన్నా నిజమైన పేరు ఇంకోటి ఉండదనిపించింది. లాభం దగ్గర మళ్ళీ ఆగారు. పెద్ద మాటలేవీ రాలేదు. పటంలో ఒకే వైపు పడిన గట్లు గుర్తొచ్చాయి. "ఆకలితో ఉన్న బిడ్డని ఇంట్లో వదిలొచ్చిన తల్లి గీసిన పటం నేను చూశాను. బిడ్డ కడుపు నింపి వచ్చి కూర్చున్న తల్లి గీసిన పటమూ చూశాను. కంపెనీకి రెండోదే కావాలి" అని రాసి, మర్నాడు అదే మాట ప్రోగ్రాంలో ఎక్కించి పంపారు.

జవాబు వెంటనే రాలేదు. ఈలోపు పెద్దింట్లమ్మ మామూలు వేళకే వస్తూ పోతూ ఉంది. పద్మశ్రీ షీటు మాత్రం పంపకుండా ఆపారు. అది అందకపోవడంతో బ్రాంచి పేరు ఎదురుగా ఎర్రచుక్క వచ్చింది. ఆ చుక్క అన్ని ఊళ్ళవాళ్ళకీ కనపడుతుంది. పదేళ్ళలో ఒక్క మాట పడని ఆఫీసది.

"నావల్ల మీకు మాట వస్తోందండీ," అంది పద్మశ్రీ.

"ఎర్రగా ఉంటే ఉండనీ అమ్మా. బొట్టు పెట్టేరనుకుందాం."

తరవాతి వారం మధ్యలో, పొద్దున్న అందరూ కంప్యూటర్లు తెరిచేసరికి జాబితాలో ఇతరముల పైన కొత్త పద్దు కనపడింది. ఇంగ్లీషు అక్షరాలతోనే అయినా తెలుగు మాట: బిడ్డకి పాలు. పద్మశ్రీ దాని మీద బాణం గుర్తు పెట్టి, నొక్కకుండా చాలాసేపు అలాగే ఉంచింది. తరవాత ఒక్కొక్క రోజే తెరిచి, ఆగిపోయిన అరగంటలన్నీ నింపింది. రావుగారి వైపు చూసింది. ఆయన తలూపి, ఫైలులోకి వంగిపోయారు.

ఆ పద్దు ఒక్క అమలాపురానికే అని రావుగారు అనుకున్నారు. నెలాఖరున అన్ని బ్రాంచీల లెక్కా కలిపి వచ్చే రిపోర్టు చూస్తే విశాఖపట్నంలో ఒకావిడ, విజయవాడలో ఇద్దరు ఆ పద్దు కింద గంటలు రాశారు. వాళ్ళు ఆయనకి ముక్కూ మొహం తెలియనివాళ్ళు. హైదరాబాదు వరసలో ఇంకో పేరుంది. లక్ష్మీతులసి.

పొరపాటు పడిందేమోనని ఆయన ఫోను చేశారు.

"పొరపాటు కాదండీ," అంది ఆవిడ. "మా బాబుకి అయిదో నెల. మా అమ్మ రోజూ కిందకి తీసుకొస్తోంది ఇప్పుడు. అంతకుముందు మధ్యాహ్నాలు బాత్‌రూములోకి వెళ్ళి పాలు పిండి పారబోసుకునేదాన్ని. ఆ పద్దుల జాబితా తయారు చేసింది నేనేనండీ, సార్. కూర్చుని ఒక్కోటీ నేనే రాశాను. ఇదొకటి ఉండాలని నాకే తోచలేదు. మీ అమ్మాయి రాసినది చూసి కోపం వచ్చింది నాకు. ఎందుకో అప్పుడు తెలియలేదు."

"బాబు పేరేంటమ్మా?" అన్నారు రావుగారు.

ఆవిడ చెప్పింది. మంచి పేరన్నారు. ఇద్దరూ కాసేపు పిల్లల దగ్గుల గురించీ, వాము నీళ్ళ గురించీ మాట్లాడుకున్నారు.

వానలు వెళ్ళి, చలి మొదలయ్యింది. పద్మశ్రీ షీటులో రెండు అరగంటలు ఒకటయ్యాయి. ఆ ఒకటి కూడా రోజు మార్చి రోజు అయ్యింది. ఒక శనివారం రావుగారు షీటు పైనుంచి కింది దాకా రెండుసార్లు చూశారు. ఆ పద్దు ఎక్కడా లేదు.

"ఏమ్మా, పాపకి ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ. అన్నం తింటోంది. ఆనపకాయ పప్పు కలిపి పెడితే మా అత్తగారి చెయ్యి వదలట్లేదు. పాలు మానేసినట్టేనండీ."

"మంచిది," అన్నారు రావుగారు. షీటు ఒప్పుకున్నారు. వచ్చే వారం నుంచి నల్ల గొడుగు రాదన్న మాట. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అయినా, సోమవారం ఒకసారి పాపని తీసుకురమ్మని మీ అత్తగారితో చెప్పమ్మా," అన్నారు.

"పనేంటండీ?"

"పనేం లేదు. ఊరికే."

సోమవారం పెద్దింట్లమ్మ వచ్చింది. చెయ్యి పట్టుకుంటే తప్పటడుగులు వేస్తున్న మనవరాలు రమ్యశ్రీని తెచ్చి రావుగారి బల్ల మీద నిలబెట్టింది. పిల్ల అటూ ఇటూ చూసి, చేతికందిన కాగితం లాగి, కొస నోట్లో పెట్టుకుంది.

"సార్, అది రేపు ఇవ్వాల్సిన పటం," అన్నాడు ప్రకాష్.

"ఇంకోటి తీద్దాంలేవయ్యా," అన్నారు రావుగారు, పిల్ల పడిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి.