గున్నమ్మగారి పూలు, మావారి వల

రిసాలిలో మా ఇంటి వెనక పారేది నది కాదు, నాలా, అంటే ఊరి మురుగూ వాననీళ్ళూ పోయే కాలువ. కాకపోతే అది శివనాథ్ నదిలో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో, మహానది సముద్రంలో. ఈ సంగతి మావారు త్రినాథరావుగారు రిటైరయ్యాక కనిపెట్టారు. ఉద్యోగమంతా ఇక్కడి ఉక్కు ప్లాంటు సేఫ్టీ విభాగంలో మనుషుల్ని కాపాడారు. ఇక మిగిలింది సముద్రమే కదా.

చలికాలంలో పాత వల ఒకటి సంపాదించి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడు లాగి, వల పైఅంచు మునగకుండా ఖాళీ నూనె డబ్బాలు కట్టి, నాలాకి అడ్డంగా దించారు. రోజూ సాయంత్రం పొడవాటి కొక్కెం కర్రతో చెత్త బయటకి లాగేవారు. ప్లాంటు అలవాటు పోక గేటుకి నల్లబోర్డు కూడా తగిలించారు. 'ఈ రోజు సముద్రానికి పోకుండా ఆగినవి' అని పైన, గుట్కా పొట్లాలు, పాల ప్యాకెట్లు, చెప్పులు అని కింద.

పక్కింటి డైసీ పేపరు మానేసి ఈ బోర్డు చదివేది.

"దీదీ, నిన్నటి చెప్పుకి జత దొరికితే చెప్పండి. మా ఆయనకి సరిపోద్దేమో."

నవ్వేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ వంటింట్లో. రిటైరయ్యాక ఆయన పొద్దున్నే గడ్డం గీసుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది ఈ వల వచ్చాకే.

ఎండలు ముదిరాక మా వార్డు పార్షద్, అంటే కౌన్సిలరు, రాజేంద్ర వచ్చి, చాయ్ తాగి, హిందీలో మెల్లిగా చెప్పాడు. "భాభీజీ, పని మంచిదే. కానీ వానల్లో నీళ్ళు ఎగదన్నితే తిట్లు నాకు. ఆదివారం వస్తాను. మొహల్లాలో ఒక్కరు వల వద్దన్నా తీయించేస్తాను."

వద్దనే ఆ ఒక్కరు మా ఇంట్లోనే ఉన్నారు. మా అత్తగారు, గున్నమ్మగారు.

ఆవిడది భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. పెళ్ళయి ఇక్కడి క్యాంప్ 1 బస్తీకి వచ్చిన నాటి నుంచీ ఆవిడకో పద్ధతి. దేవుడికి పెట్టిన పూలు చెత్తబుట్టలో వేయకూడదు. ఎవరి కాలికీ తగలకూడదు. అందుకని కవరులో వేసి, గట్టిగా ముడేసి, శుక్రవారం శుక్రవారం పారే నీళ్ళలో వదలడం. ఇప్పుడు మా ఇంటికి ఎగువన నాలాలో వదిలితే అవి తమ ఊరి సముద్రానికే చేరతాయని ఆవిడ లెక్క.

"మహానది ఒరిస్సాలో కలుస్తుందే అమ్మా," అని మావారు ఎన్నోసార్లు చెప్పారు.

"అయితే ఏటి? సముద్రానికి గోడలున్నాయేటిరా?"

సేఫ్టీ విభాగం వెళ్ళి కొక్కెం కర్ర అందుకునేది.

శనివారం బోర్డు మీద పైవరసలో మొదటిసారి 'పూజ కవర్లు' అని పడింది. డైసీ దాన్ని అత్తగారికి చదివి పెట్టింది. "అమ్మమ్మా, మీ పూలు సముద్రం దాకా పోలేదంట. మీ పెరటి వెనకే దిగిపోయాయి."

అత్తగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. "ఇన్నాళ్ళబట్టి నాను పంపినవన్నీ ఆపీసినాడా? పరాయోడు కాదు, కన్నకొడుకు! రేపు ఆ పార్షద్ బాబు రానీ. వల తీయించీమని నానే సెప్తాను."

మావారు వెనకాలే తిరుగుతూ సముద్రపు తాబేళ్ళ గురించి చెప్పారు. అవి కవర్లు మింగి చచ్చిపోతాయన్నారు.

"తాబేలుకి బుద్ధి నేదేటి? కవరేదో తిండేదో తెల్దా?"

ఆయన వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు. కొక్కెం కర్ర పక్కనే ఉంది, ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున్నే నేను పెరట్లోకి వెళ్ళాను. వలలో చిక్కిన పూజ కవర్లని మావారు మిగతా చెత్తతో కలపలేదు, విప్పనూ లేదు. దేవుడివి కదా అని అన్నీ ఒక గోనెసంచీలో దాచారు. తల్లికి తగ్గ కొడుకే. అందులో మా కవరు వెతకడం కష్టం కాలేదు. టెక్కలి చీరల కొట్టు పసుప్పచ్చ కవరు రిసాలి మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ఉగాది పూలు వేసింది అందులోనే.

కడిగి, తుడిచి, అత్తగారి కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.

"అత్తా, మీకు పార్సిల్ వచ్చింది."

ఆవిడ చూశారు. ముడి తనదే. ఎలా వేశారో అలాగే ఉంది.

"విప్పండి."

విప్పారు. ఆ కంపుకి కాకి కూడా గోడ మీద నుంచి లేచిపోయింది. లోపల బంతిపూలు నల్లటి ముద్ద. ఒక్క రేకు కూడా నీళ్ళు చూడలేదు.

"అక్కడికి చేరినా ఇలాగే చేరేవి అత్తా," అన్నాను. "మామయ్యగారికి డ్యూటీకి కేరేజీ పంపేవారు కదా. ఒకరోజు మూత బిగుసుకుపోయి ఆయన పస్తున్నారని మీరే చెప్పారు. మరి గంగమ్మకి ముడి విప్పిపెట్టేదెవరు?"

అత్తగారు ఆ కవరుని మళ్ళీ మూట కట్టారు. కాఫీ చల్లారింది. మూట పట్టుకుని పెరటి వైపు నడిచి, పూలముద్ద జామచెట్టు మొదట్లో తవ్వి కప్పారు. తర్వాత గట్టు మీద నిలబడి, వల కన్నాల్లోంచి ఎండుటాకులు దూరిపోవడం చూశారు.

రాజేంద్ర వచ్చేసరికి మావారు గడ్డం గీసుకుని, ఉరిశిక్ష వినడానికి వచ్చినట్టు నిలబడ్డారు. అత్తగారు కొడుకుని దాటుకుని గేటు దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, జాల్ నహీ నికాల్నా," అన్నారు, వల తీయొద్దని. అక్కడికి ఆవిడ హిందీ అయిపోయింది. "ఆ కన్నాల్లోంచి పువ్వు ఎలిపోతాది, కవరు ఉండిపోతాది. అలాగే ఉండాల. తీసినావంటే నీ ఇంటికొచ్చి కూకుంటాను."

రాజేంద్రకి తెలుగు రాదు. అయినా మొత్తం అర్థమైంది.

అతను వెళ్ళాక మావారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నారు. "చూశావా? తాబేలు సంగతి విడమర్చి చెబితే పెద్దవాళ్ళైనా వింటారు."

"అవునండీ," అన్నాను. ఆ తాబేలుని ఆయనకే వదిలేశాను.

ఇప్పుడు శుక్రవారాలు గట్టు మీద అత్తగారి డ్యూటీ. ఎవరు కవరుతో వచ్చినా ఆపుతారు. "ముడిప్పు ముందు. పువ్వులు నీళ్ళలో ఒగ్గు, కవరు ఇలాగియ్యి." డైసీ చర్చి పూలదండ తెచ్చి, "ఇవి కూడా పోనిస్తారా అమ్మమ్మా?" అని అడిగింది.

"పువ్వుకి మతమేటే పిల్లా? ఆ నైలాను దారం తీసీ."

తొలి వానకి నాలా ఎర్రగా పొంగింది. డబ్బాలు ఎగిరెగిరి పడ్డాయి కానీ వల నిలిచింది, నీళ్ళూ ఎగదన్నలేదు. బంతిరేకులు కన్నాల్లోంచి దూరి మలుపు తిరిగే దాకా అత్తగారు గొడుగు కింద నిలబడి చూశారు.

వారం పోయాక అడిగారు. "ఏటే, ఈపాటికి ఊరు చేరుంటాయేటి?"

రేకులు రెండు రోజులు కూడా నిలవవని నాకు తెలుసు.

"ఒరిస్సా దాటుంటాయి అత్తా," అన్నాను.